కారవాన్ బ్రేకులు, హిచ్‌లు

కారు వెనక తగిలించుకుని తీసుకెళ్లే చక్రాల ఇల్లు కారవాన్. దాన్ని కారుకు కలిపే అమరికను హిచ్ అంటారు. ఇంటిని లాగడం కంటే ఆపడమే ఎప్పుడూ కష్టం. ముందున్న బండి నెమ్మదించగానే వెనకున్నది దాని మీదికి తోసుకొస్తుంది. కారవాన్ బ్రేకుల చరిత్రంతా ఆ తోపుడుతో పడిన పేచీయే.

విహారం కోసం ప్రత్యేకంగా కట్టిన తొలి కారవాన్లలో పేరుపడ్డది ‘వాండరర్’. 1885లో డాక్టర్ విలియం గోర్డన్ స్టేబుల్స్ దీన్ని బ్రిస్టల్‌లో చేయించుకున్నారు. లాగింది గుర్రాలే. ఆ కాలపు గుర్రపు బళ్లు వాలు దిగేటప్పుడు చక్రం కింద ఇనప చెప్పు తొడిగేవారు. చక్రం తిరగక నేలను రాసుకుంటూ జారేది. ఎగువకు ఎక్కేటప్పుడు చక్రం వెనకాలే ఒక కర్ర రోలరు దొర్లుతూ వచ్చేది. మన ఎడ్లబండి చక్రానికి రాయి అడ్డం పెట్టే మనిషి చేసే పనే అది, మనిషి అక్కర్లేకుండా చేసేది.

కారు లాగే కారవాన్లను 1919లో బర్మింగ్‌హామ్‌లో ఎకిల్స్ సంస్థ అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టింది. అమెరికాలో విమాన నిర్మాత గ్లెన్ కర్టిస్ తన ‘ఏరోకార్’ కారవాన్ హిచ్‌లో కుదుపు తగ్గడానికి విమానపు టైరునే అడ్డంగా పరిచి వాడారు. అలాంటి ఆలోచన విమానాలు కట్టినవాడికే రావాలి!

బ్రేకుల్లో రెండు దారులు ఏర్పడ్డాయి. అమెరికాలో 1927లో ఎ.పి. వార్నర్ స్థాపించిన కంపెనీ విద్యుత్ బ్రేకులకు పేరు తెచ్చింది. డ్రమ్ములోని అయస్కాంతానికి కరెంటు అందగానే అది తిరిగే ఇనప ముఖానికి అతుక్కుని, మీటను లాగి, షూలను డ్రమ్ముకు నొక్కుతుంది. ఇవి సరిగా పట్టకపోతే మెకానిక్ ముందు చూసేది తుప్పుపట్టిన ఎర్తింగు.

ఐరోపా వాళ్లు తోపుడునే బ్రేకుగా మార్చుకున్నారు. కారు నెమ్మదించగానే కారవాన్ ముందుకు నెట్టుకొస్తుంది, హిచ్ వెనక ఉన్న కడ్డీ లోపలికి దిగుతుంది, అది రాడ్డునూ కేబుళ్లనూ లాగి బ్రేకు వేస్తుంది. కరెంటు అక్కర్లేదు, డ్రైవరు ప్రమేయమూ అక్కర్లేదు. చిక్కల్లా రివర్స్‌లోనే. వెనక్కి నెట్టినా కడ్డీ లోపలికే పోతుంది కాబట్టి బ్రేకు పట్టేసేది. డ్రైవరు దిగి, అడ్డు మీట వేసి, మళ్లీ ఎక్కాలి. చక్రం వెనక్కి తిరిగితే షూ తనంతట తానే వదిలేసే ఏర్పాటు తర్వాత వచ్చింది. బ్రిటన్ 1989 నుంచి తయారయ్యే బ్రేకులున్న ట్రైలర్లకు దాన్ని తప్పనిసరి చేసింది.

ఈ తోపుడు బ్రేకుల్లో, కడ్డీ కుదుపును అణచే డంపరు అరిగితే ఆగినప్పుడల్లా ‘ఠంగు’మని శబ్దం వస్తుంది. బ్రేకు సవరణ చక్రం దగ్గర మొదలుకావాలి. రాడ్డు బిగించి సరిపెట్టుకోవడం బద్ధకపు పని. శీతాకాలమంతా చెమ్మలో హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచితే షూలు డ్రమ్ముకు అంటుకుపోతాయి. అందుకే చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి బ్రేకు వదిలేస్తారు.

ఇక హిచ్. మన ట్రాక్టరు తొట్టికి ఇనప రింగు, పిన్ను చాలు. ఐరోపా కారవాన్ 50 మిల్లీమీటర్ల గుండు మీద కూర్చుంటుంది. మామూలు హిచ్ అయితే ఆ గుండుకు గ్రీజు రాయాలి. ఊగిసలాటను ఆపడానికి రాపిడి ప్యాడ్లతో గుండును పట్టుకునే స్టెబిలైజర్ హిచ్ అయితే గ్రీజు చుక్క కూడా ఉండకూడదు, కొత్త గుండు మీది పెయింటునూ గీకెయ్యాలి. పాత అలవాటు కొద్దీ గ్రీజు రాసినవాళ్ల ప్యాడ్లు జారిపోతాయి, కొత్తవి కొనుక్కోవలసి వస్తుంది.