కుంభకోణం తర్వాత పెద్దల భాష

ఆర్థిక నేరం బయటపడినప్పుడు సంపన్నవర్గం కాపాడుకునేది డబ్బును మాత్రమే కాదు, పెత్తనం చేసే అర్హతను కూడా. ఆ రెండో పని భాష ద్వారానే జరుగుతుంది. కాబట్టి ఈ కుంభకోణాలను ఆడిటర్లకు వదిలేయకుండా రచయితలం మనం కూడా చదవాలంటాను.

సింగరేణి బొగ్గు బండ్లు మా నెల్లికుదురు ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. డోర్నకల్ నుంచి మానుకోట, కేసముద్రం మీదుగానే కాజీపేటకు పోతాయి. ఆ గనుల పుట్టుకలోనే ఒక కుంభకోణం ఉన్నది. 1886లో నిజాం ప్రభుత్వం గనుల హక్కును వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి రాసిచ్చింది. లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీలో లక్ష వాటాలుంటే, 85,000 వాటాలు నగదు చెల్లించకుండానే ఆ హక్కుదారుల చేతికి పోయాయి. ఒప్పందం నడిపిన హైదరాబాద్ అధికారి అబ్దుల్ హక్ తన వాటాలనే బజారులో కొన్నట్టు చూపి, రైతుల శిస్తుతో నిండిన ఖజానాకు అంటగట్టాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. హక్ కొలువు పోయింది. కంపెనీ మాత్రం నిలిచింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడేదాకా గనులు దాని కిందనే ఉన్నాయి. ఒక్క మనిషిని బలిచ్చి వ్యవస్థను నిలుపుకోవడం ఇక్కడ మొదటి పాఠం.

నూటయిరవై ఏళ్ల తర్వాత అదే హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ కూలింది. 2009 జనవరి 7న అధిపతి రామలింగరాజు బోర్డుకు లేఖ రాశాడు. ఖాతాల్లో చూపిన సొమ్ములో 5,040 కోట్లు లేనేలేవని అందులో ఒప్పుకున్నాడు. ఆ లేఖను మనం వచనంగా చదవాలి. చిన్న తేడా ఏళ్ల తరబడి పెరిగి అదుపు తప్పిందట. తేడా తనంతట తాను పెరుగుతుందా? పెంచినవాడు వాక్యంలో కనిపించడు. తర్వాత పులి స్వారీ పోలిక వస్తుంది. దానితో నేరస్థుడు ఆపదలో చిక్కిన మనిషి అవుతాడు. కంపెనీ నుంచి ఒక్క రూపాయి తీసుకోలేదన్న మాట ఆ జాలిని పూర్తి చేస్తుంది. కానీ ఉబ్బిన ధరలకు వాటాలు అమ్మి, తాకట్టు పెట్టి లాభపడ్డారని 2014లో సెబీ తేల్చింది. 2015 ఏప్రిల్‌లో కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. నెల దాటగానే పైకోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

ఇది ఒక్క కంపెనీ తప్పేనని పరిశ్రమ పెద్దలు ఆనాడే ప్రకటించారు. 2005లో ఆయన ప్రారంభించిన 108 అంబులెన్సును తలుచుకుని "పాపం, మంచివాడే" అన్నవాళ్లను నేనే విన్నాను. వాళ్లను నిందించలేం. సర్కారు దవాఖానా సక్రమంగా నడవని చోట దాత మాట చెల్లుతుంది. ప్రజలకు హక్కుగా అందవలసినది దానంగా అందినంతకాలం దాతను లెక్క అడగడం కృతఘ్నత లాగే కనిపిస్తుంది.

లేఖలు, క్షమాపణలు, విచారణ నివేదికలు కూడా మన విమర్శకు వస్తువులే. కర్తను దాచిన ప్రతి వాక్యం దగ్గర ఆగి ఎవరు చేశారని అడగడం సాహిత్య విద్యార్థికి వ్యాకరణ పాఠం మాత్రమే కాదు, సామాజిక బాధ్యత కూడా.