ఆకు కోసి నీళ్ళల్ల పెట్టి చూడు

దా బిడ్డా, కుంపటి దగ్గరికి జరుగు. గౌలిపురల గింత చలి ఎప్పుడో గని పెట్టది. రాజేంద్రనగర్ కాలేజిల నీకు సీటొచ్చిందని మీ నాయన చెప్పినప్పటి సంది నాకు ఒకటే సంబురం. ఆ తొవ్వ నా కాళ్ళకు ఎరుకే. అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కితే బహదూర్‌పుర, జూపార్కు, ఆరాంఘర్ దాటంగనే పొలాలు కానొస్తుండె. ఇప్పుడు బిల్డింగులు లేసినయ్ గని, గప్పట్ల బస్సు కిటికీలకెల్లి పచ్చి వరి వాసనొచ్చేది.

నేను వ్యవసాయ శాఖల కొలువు చేస్తుంటి. తెగుళ్ళు గుర్తుపట్టుడు నేర్పిస్తమని మమ్మల్ని ఆడికి పంపిండ్రు. వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964ల వచ్చింది, అఖిల భారత వరి పథకం 1965ల, కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థ 1966ల. మూడేండ్లల్ల మూడూ హైదరాబాదుకే. ఆ రోజులే అట్లుండె. పొట్టి వరి రకాలు వచ్చినయ్, తైచుంగ్ నేటివ్-1, ఐఆర్-8. యూరియా ఎంతేస్తే అంత గుంజుకుంటయ్, గింజ గూడ దండిగ ఇస్తయ్. పైరు ఏపుగ గుబురైన కాడ తెగుళ్ళు గూడ జోరు మీదొచ్చినయ్. బిహార్‌ల షాహాబాద్ జిల్లాను అంతకు ముందే, 1963లనే, ఎండాకు తెగులు ఆగం చేసి పెట్టింది. పంపులున్నయ్, మందులున్నయ్, కొట్టెటోళ్ళున్నరు. వచ్చిన రోగం ఏందో సక్కగ పేరు పెట్టి చెప్పెటోళ్ళే తక్కువ. ఆ పేరు చెప్పెటోళ్ళను తయారు చేసుడే ఆ ట్రైనింగు.

మాకు పాఠం చెప్పిన సారు గదిల బొమ్మలు చూపిచ్చి ఊకోలే. ఒక దినం పొద్దుగాలనే మడిల దించిండు. మోకాళ్ళ దాక బురద. "ఈ మడికి ఏమైంది?" అన్నడు. ఆకు కొసలకెల్లి అంచుల పొంటి అలలు అలలుగ పసుపెక్కి, ఎండుకుంట కిందికి దిగుతుంది. ఒకలు అగ్గి తెగులన్నరు, ఒకలు జింకు లోపమన్నరు, ఒకలు ఎండ దెబ్బన్నరు. సారు ఏమనలే. ఒక ఆకు తెంపి, ఆ పచ్చకూ పసుపుకూ నడుమున్న జాగల బ్లేడుతోని కోసి, గాజు గ్లాసుల నీళ్ళు పోసి, కోసిన కొస నీళ్ళల్ల మునిగేటట్టు పెట్టిండు. మేమందరం గ్లాసు చుట్టు మూగినం. కొంచెం సేపటికి ఆ కోసిన కాడికెల్లి తెల్లగ, మబ్బుగ, తీగలు తీగలుగ ఏదో కిందికి దిగవట్టింది. అది ఎండాకు తెగులు బ్యాక్టీరియా బిడ్డా! లచ్చల కొద్ది బ్యాక్టీరియా, ఉత్త కంటికి కనవడుతుంది. ఎండకు ఎండిన ఆకుల, జింకు తక్కువైన ఆకుల గట్ల రాదు. "ఇగ చెప్పుండ్రి, అగ్గి తెగులు మందు దీనికి కొడితే ఏమైతది?" అన్నడు సారు. ఏమైతది, రైతు పైసలు బురదల పోతయ్. అగ్గి తెగులు బూజు తోని వస్తది, ఇది బ్యాక్టీరియా తోని. ఆ మందు దీన్ని తాకనే తాకది. దీనికి ముందుగాల యూరియా ఆపాలె, మడిల నీళ్ళు తీసెయ్యాలె, రోగమున్న మడి నీళ్ళు కింది మడిలకు పారకుంట కట్టేయాలె.

అగ్గి తెగులు సంగతి వేరే. ఆకు నడుమ నూలుకండె ఆకారపు మచ్చ, మచ్చ మధ్యల బూడిద రంగు, చుట్టు గోధుమ రంగు అంచు. అదే తెగులు గొలుసు మెడకు పట్టిందనుకో, మెడ నల్లవడి ఇరిగిపోతది, గింజలు తాలు. అప్పటికి ఇగ చేసేదేం లేదు. అందుకే ఆకు మీద మచ్చ ఉన్నప్పుడే పట్టాలె.

టుంగ్రో ఇంకా మోసం చేస్తది. మొక్క గిడసవారి, ఆకు పసుపు నారింజ రంగుకొస్తది. రైతు ఎరువు తక్కువైందనుకొని యూరియా చల్లుతడు. తీరా చూస్తే అది వైరస్, పచ్చ దీపపు పురుగు మోసుకొస్తది. దాన్ని పట్టనీకి సారు మమ్మల్ని చీకట్లనే లేపిండు. పొద్దు పొడవకముందే ఆకు కొసలు తెంపి అయోడిన్ ద్రావణంల ముంచినం. పగలంత ఆకు పిండి తయారు చేస్తది, రాత్రి ఆ పిండి ఆకులకెల్లి దిగిపోతది. టుంగ్రో పట్టిన ఆకుల దిగది, ఆడనే నిలుస్తది. అయోడిన్ తాకంగనే నల్ల చారలు లేస్తయ్. పొద్దెక్కినంక తెంపితే మంచి ఆకుల గూడ పిండి ఉంటది, తేడా దొరకది. గంత సన్నపు సంగతి ఏ బొమ్మలనన్న కానొస్తదా చెప్పు?

వరి పథకమోళ్ళ మళ్ళల్ల ఎండాకు తెగులును కావాలనే పెడుతుండె. బ్యాక్టీరియా కలిపిన నీళ్ళల్ల కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తరు. రెండు వారాలైనంక ఎంత దూరం ఎండిందో స్కేలు పెట్టి కొలుస్తరు. ఎక్కువ ఎండితే ఆ రకం తట్టుకోదు, కొస కాడనే ఆగితే తట్టుకుంటది. కాఫ్‌మన్, రెడ్డి, ఇంక ఇద్దరు కలిసి ఈ పద్ధతిని 1973ల అచ్చేసిండ్రు. మనం దినాం తినే సాంబ మసూరి బాపట్లల పుట్టి 1986ల వచ్చింది గదా, దానికి ఎండాకు తెగులంటే ప్రాణాంతకం. రాజేంద్రనగర్ వరి పరిశోధనోళ్ళు, హబ్సిగూడ సీసీఎంబోళ్ళు కలిసి మూడు నిరోధక జన్యువులు దాంట్లకు తెచ్చి 2008ల కొత్త సాంబ మసూరి విడుదల చేసిండ్రు. అన్నం రుచి అదే, రోగం మాత్రం నిలవది. ఆ కత్తెర పని ఎన్నేండ్లు జరిగితే గది చేతికొచ్చిందో నువ్వు ఆడ చదివినప్పుడు నీకే తెలుస్తది.

ఫోన్ల ఫోటో తీసి పంపితే పేరు చెప్తరంటవా? తియ్యి, పంపు, వద్దనను. గని ముందుగాల రైతు తోని మాట్లాడు. ఏ ఇత్తనం, ఎప్పుడు నాటిండు, యూరియా ఎంతేసిండు, రోగం ఒక మూలకు మొదలైందా, మడి మొత్తం ఒక్కతీరుగ ఉందా. పోషకం తక్కువైతే మడి చాలా మటుకు ఒక్కతీరుగ కనవడతది. తెగులు మాత్రం ఒక కాడ మొదలై పక్కకు జరుగుతది. ఆ ముచ్చట ఫోటో చెప్పది, ఒడ్డు మీద నిలవడ్డ రైతు చెప్తడు.

అనంతపురం సంగతి చెప్త, తర్వాత పండుకుందువు. 2000ల అక్కడ వేరుశెనగ చేన్లు మాడిపోయినయ్. రెండు లక్షల హెక్టార్లకు పైనే, మూడు వందల కోట్ల మీద నష్టం. శానామంది అది పాత మొవ్వుకుళ్ళే అనుకున్నరు. మొవ్వుకుళ్ళయితే ఆకుల మీద పసుపు ఉంగరాలు లేస్తయ్, కొస మాడినంక పక్కలకెల్లి గిడస కొమ్మలు గుబురుగ వస్తయ్. ఇక్కడ అసొంటివి లెవ్వు. కాండం మొత్తం ఎండి మొక్క సచ్చిపోతుంది. పటాన్‌చెరు ఇక్రిశాటోళ్ళు పరీక్ష చేసి చూస్తే పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. అది వయ్యారిభామ పుప్పొడిల ఉంటది. తామర పురుగులు ఆ పుప్పొడి మోసుకొచ్చి వేరుశెనగ ఆకు మీద వేస్తయ్. ఆ గడ్డిని పూత రాకముందే పీకాలె, పూతొచ్చినంక కదిలిస్తే పుప్పొడి చేను మీదనే రాలుతది. చేను చుట్టు జొన్న సాళ్ళు దట్టంగ ఏస్తే పురుగులు ఆడనే ఆగుతయ్.

వయ్యారిభామ ఎట్లుంటదో తెల్వదా? మన గల్లీ ఎనక ఖాళీ ప్లాట్ల నిండ అదే. రేపు పొద్దుగాల లేపుత, పోయి చూసొద్దాం. పూత ముట్టుకోకు, దురద పెడతది.