హద్రమౌత్ దేశము – హైదరాబాదు సంబంధము



అరబ్బుల ఎడారి యనగానే మనకు ఒంటెలును, ఇసుకతిన్నెలును, చమురుబావులును తలపునకు వచ్చును. మందమర్రి మొదలుగాగల బొగ్గుగనుల సీమవారికి ఆ దేశములు క్రొత్తవి కావు. పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండి 1973 తరువాత వేలకొలది జనులు అచటికి కూలికై పోయిరి. కాని పందొమ్మిదవ శతాబ్దమున ఈ వలస ఎదురుదిక్కున సాగినది. అపుడు పొట్టకూటికై సముద్రము దాటి వచ్చినవారు అరబ్బులు. వారికి జీతము లిచ్చినది హైదరాబాదు రాజ్యము. వారి జన్మభూమి హద్రమౌత్.

అది అరేబియాకు దక్షిణమున, నేటి యెమెన్ దేశపు తూర్పుభాగమున నున్నది. సముద్రతీరమున ముకల్లా, షిహర్ అను రేవులు కలవు. తీరము దాటగనే చెట్టుచేమలు లేని రాతి పీఠభూమి. దానిని చీల్చుకొని పోవు లోతైన లోయలో షిబాం, సయ్యూన్, తరీం అను పట్టణములు. ఉత్తరమున మహా మరుభూమి. అచట ఏడాది పొడుగున పాఱు ఏఱు లరుదు. ఎప్పుడో కురిసిన వాన వఱదయై దిగినపుడు దానిని కట్టలతో మళ్ళించి ఖర్జూరమును, జొన్నను పండింతురు. చెరువుకట్ట తెగిన ఊరి గతి యెఱిగిన మనకు వారి ఆదుర్దా తెలియకపోదు. దోఆన్ లోయలోని తేనె మిక్కిలి పేరుగన్నది. మన రేగుజాతి చెట్ల పూవులనుండియే తేనెటీగలు దానిని కూర్చును. షిబాంలో పచ్చి ఇటుకలతో ఏడెనిమిది అంతస్తుల మేడలు కట్టిరి. 1982లో ఆ పట్టణము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

ప్రాచీనకాలమున ఆ దేశము ధూపద్రవ్యముల వర్తకముచే భాగ్యవంతమైనది. షబ్వా రాజధాని, కనా రేవు. ఆ వర్తకము క్షీణించిన పిదప నేల తన బిడ్డలను పోషింపజాలకపోయెను. సంఘమున ప్రవక్త సంతతివారగు సయ్యదులు గురుస్థానమున నుండిరి. ఆయుధములు ధరించు తెగలవారు వారి తరువాత. సేద్యగాండ్రును, పనివారును అందఱికంటె క్రింద. ఏ తరగతివారికైనను తుదకు దిక్కు వలసయే. కొందఱు జావాకును సింగపూరునకును, కొందఱు తూర్పు ఆఫ్రికాకును, కొందఱు హైదరాబాదునకును పోయిరి.

హైదరాబాదునకు వచ్చినవారు సైనికులైరి. వారి జమాదారులు జీతములతో తృప్తిపడక వడ్డీవ్యాపారమును సాగించిరి. సర్కారుకే అప్పులిచ్చి, వానికి బదులుగా తాలూకాల రాబడిని స్వాధీనము చేసికొనిరి. ఆ భారము రైతుపై పడెను. 1853లో దివానైన మొదటి సాలార్జంగు ఆ తాలూకాలను విడిపించి, వారి బలమును అదుపులో నుంచెను.

వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అను జమాదారు ప్రసిద్ధుడు. దక్కను ధనముతో ఆ వంశమువారు స్వదేశమున రాజ్యమునే కట్టిరి. వారి ప్రత్యర్థులైన కథీరీలును హైదరాబాదు కొలువు చేసినవారే. ఇచటి జీతము అచటి తుపాకుల కొఱకు వ్యయమయ్యెను. ఖుఐతీలకు 1881లో ముకల్లా వశమైనది. 1888లో వారు బ్రిటిషువారి రక్షణకు లోబడిరి. 1967లో ఆ రాజ్యము అంతరించెను.

ఇట్లు పరదేశపు సొమ్ముపై నిలిచిన దేశమునకు ఆ సొమ్ము ఆగిన నేమగును? 1942లో సింగపూరు, జావాలు జపానువారి చేజిక్కెను. అచటినుండి వచ్చుచుండిన పైకము నిలిచిపోయెను. దానికి అనావృష్టి తోడై, 1943 మొదలు హద్రమౌత్‌లో ఘోరమైన కఱవు వచ్చి వేలజనులు మరణించిరి. కొనుటకు చేత డబ్బులేని యింటికి, రేవున ధాన్యమున్నను లేనట్లే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసిన పిదప ఇచటి అరబ్బు సైనికుల కొలువులును పోయెను. కొందఱు స్వదేశమునకు పంపబడిరి. తక్కినవారు ఇచటనే నిలిచిరి. వారి సంతతి నేటికిని హైదరాబాదులోని బార్కస్ పేటలో నున్నది. సైనికుల బ్యారక్సులే ఆ పేరునకు మూలము. గోధుమలును మాంసమును కలిపి మెత్తగా ఉడికించు హరీసు అచటి నిత్యాహారములలో నొకటి.

తరువాత 1990లో ఇరాకు సేనలు కువైటును ఆక్రమింపగా లక్షకు పైగా భారతీయులు కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. ఆ కలహమందే సౌదీ అరేబియానుండి లక్షలకొలది యెమెనీయులు వెడలింపబడిరి. వలస సొమ్ము స్వభావము రెండు దేశములకును ఒక్కటే.

అట్లని వలస నిందింపదగినది కాదు. సింగపూరులో ధనమార్జించిన అల్ కాఫ్ వంశీయుడైన అబూబకర్, తీరమునుండి తరీమునకు బాట వేయించెను. పరదేశపు ధనము తుపాకియైన చోట తెగలు నశించినవి. బాటయైన చోట ఊళ్ళు కలిసినవి. మన పల్లెలకు వచ్చు గల్ఫు సొమ్మయినను, గనిలో తరుగుచుండు బొగ్గయినను శాశ్వతములు కావు. అవి యుండగనే బడియో, చెరువో, చేతిపనియో నిలుపుకొన్న ఊరే, అవి ఆగిననాడు తన బిడ్డలకు అన్నము పెట్టగలుగును.