వేడిగా మారకముందు

రసాయన చర్యలో విడుదలైన శక్తి ఏమవుతుంది? ఇంటర్‌లో మనందరం రాసిన జవాబు: వేడవుతుంది. తప్పేం కాదు, కాకపోతే కథలో చివరి పేజీ మాత్రమే చదివినట్టు. వేడి కాకముందు ఏం జరిగిందో చూడటానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

ఫ్రిట్జ్ హేబర్ అనగానే 1909 నాటి అమోనియా గుర్తొస్తుంది, వెంటనే 1915లో ఈప్ర్ దగ్గర వదిలిన క్లోరిన్. ఈ రెంటి మధ్య, 1911లో, గెర్హార్డ్ యుస్ట్‌తో కలిసి ఆయన ప్రచురించిన పనిని తలుచుకునేవాళ్ళు తక్కువ. క్షార లోహాలతో హాలోజన్ల లాంటి వాయువులు చర్య జరిపినప్పుడు ఎలక్ట్రాన్లు బయటికి రావడం వాళ్ళు గమనించారు. వెలుగు పడలేదు, ఎవరూ కాల్చలేదు. చర్యే వాటిని బయటికి తోసింది.

మరి వెండిలో అలా ఎందుకు కనబడదు? లోహంలోంచి బయటపడాలంటే ఎలక్ట్రాన్ ఒక గోడ దూకాలి. సీసియంకి ఆ గోడ సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు, వెండికి 4కి పైనే. హైడ్రోజన్ పరమాణువు వెండికి అతుక్కున్నప్పుడు వచ్చే శక్తి అంత ఉండదు. దూకలేని ఎలక్ట్రాన్ లోపలే గుద్దుకుని, రెప్పపాటులో వెయ్యో వంతు కూడా గడవకముందే, వేడిలో కలిసిపోతుంది.

సిద్ధాంతం కూడా అటు చూడనివ్వలేదు. 1927లో బోర్న్, ఒపెన్‌హైమర్ ఇచ్చిన ఉజ్జాయింపు ప్రకారం కేంద్రకాలు మెల్లగా కదులుతాయి, ఎలక్ట్రాన్లు ఎప్పటికప్పుడు సర్దుకుంటాయి. ఉత్ప్రేరకాల మీద కంప్యూటర్ లెక్కలు ఇవాళ్టికీ ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. పని జరుగుతున్న ఊహని ఎవరూ ఊరికే కదపరు. మా కోడ్‌లోనూ అంతే.

1999లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో హెర్మన్ నీన్‌హౌస్, ఎరిక్ మెక్‌ఫార్లండ్, హెన్రీ వైన్‌బర్గ్ బృందం పెద్ద గోడ జోలికి పోకుండా పొట్టి గోడ కట్టుకుంది. సిలికాన్ మీద కొన్ని నానోమీటర్ల వెండి పూత పూస్తే, రెంటి మధ్య అడ్డు సుమారు అర ఎలక్ట్రాన్ వోల్టే. దాన్ని బాగా చల్లబరిచి, పైన హైడ్రోజన్ పరమాణువులు వదిలితే కింద కరెంటు వచ్చింది. బరువైన డ్యుటీరియం వదిలితే తగ్గింది. నాకు అసలు సాక్ష్యం ఇదే అనిపిస్తుంది: రసాయనం ఒకటే, విడుదలయ్యే శక్తీ దాదాపు ఒకటే. మారింది వేగం. మెల్లగా వచ్చిన పరమాణువుకి ఎలక్ట్రాన్లు మెరుగ్గా సర్దుకున్నాయి.

2005లో బర్కిలీలో గాబోర్ సొమోర్జాయ్ బృందం ప్లాటినం, టైటానియం డయాక్సైడ్‌లతో చేసిన డయోడ్ మీద కార్బన్ మోనాక్సైడ్‌ని ఆక్సీకరించి కరెంటు కొలిచింది. అక్కడే తగువు మొదలైంది. చర్య డయోడ్‌ని వేడెక్కిస్తుంది, వేడి ఒక్కటే చాలు కరెంటు పుట్టడానికి. మీటరు ముల్లుకి రెండూ ఒకటే.

ఈ తగువు చిన్నది కాదు. ఎలక్ట్రాన్లదే అయితే వృథా అయ్యే శక్తిని వేడిగా మారకముందే పట్టుకోవచ్చు. వేడిదే అయితే, ఇంటర్‌లో రాసిన జవాబునే ఖరీదైన పరికరంతో మళ్ళీ రాసినట్టు. అందుకే ఈ రంగంలో ఏ కొత్త ఫలితం చదివినా నేను ముందు వెతికేది కరెంటు ఎంత వచ్చిందని కాదు, వేడిని ఎలా వేరు చేశారని.