తన నేలకు తిరిగొస్తున్న గడ్డి

1960ల తొలినాళ్లలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డిల్లన్ అనే చిన్న ఊరిని ఉన్నచోటు నుంచి ఖాళీ చేయించారు. కొన్ని ఇళ్లను తరలించారు, కొన్నింటిని కూల్చేశారు. శ్మశానంలోని సమాధులను సైతం తవ్వి మరోచోటికి చేర్చారు. 1963 నాటికి ఆ లోయ జలాశయమైంది. అక్కడి నీళ్లు రాబర్ట్స్ సొరంగంలో రాకీ పర్వతాల కింద 37 కిలోమీటర్లు పారి, తూర్పు వాలున ఉన్న డెన్వర్ నగరానికి చేరతాయి. పడమటికి పోయే కొలరాడో నదీ జలాలను కొండ తొలిచి తూర్పుకు మళ్లించడం ఇంజినీర్ల పనితనానికి గొప్ప నిదర్శనమే. ఊరు ముంచి తెచ్చిన ఆ నీళ్లు ఎటు పోయాయో చూస్తేనే మనసు చివుక్కుమంటుంది. డెన్వర్ ఇళ్లలో వాడే నీటిలో దాదాపు సగం ఆరుబయటే ఖర్చయ్యేది. అందులో సింహభాగం ఇంటి ముందరి లాన్‌దే.

డెన్వర్‌లో ఏడాదికి పడేది వానా మంచూ కలిపి సుమారు 370 మిల్లీమీటర్లు. కరవు సీమగా పేరుబడ్డ మన అనంతపురంలోనే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. అంత తక్కువ వానలో ఊరంతా పరిచింది కెంటకీ బ్లూగ్రాస్. పేరులో కెంటకీ ఉన్నా అది ఐరోపా నుంచి వలసదారుల వెంట వచ్చిన గడ్డి. చల్లటి, తేమ గల వాతావరణం దానికి ఇష్టం. నడివేసవిలో పచ్చగా నిలబెట్టాలంటే వారానికి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల నీరు పెట్టాలి.

అది రాకముందు అక్కడ గడ్డి లేదా అంటే, ఉన్నదల్లా గడ్డే. 1820లో స్టీఫెన్ లాంగ్ అన్వేషణ బృందం ఆ మైదానాల గుండా వెళ్లి, పటం మీద ‘మహా ఎడారి’ అని రాసింది. చెట్లు కనబడకపోతే ఎడారి అనుకునే కళ్లవి. వాళ్ల కాళ్ల కింద ఉన్నవి బఫెలో గడ్డి, బ్లూ గ్రామా. వాటిని మేసి కోట్ల బైసన్ దున్నలు బతికాయి.

బఫెలో గడ్డిని దగ్గరగా చూడాలి. ఆకు సన్నగా, బూడిద కలిసిన పచ్చదనంతో, కొస మెలితిరిగి ఉంటుంది. వదిలేసినా జానెడు ఎత్తు దాటడం అరుదు. మన గరికలాగే నేల మీద తీగలు పాకించి, కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ పూత ఆకుల పైకి తేలి కనిపిస్తుంది. ఆడ మొక్క గింజలు గట్టి కాయల్లో నేలకు ఆనుకుని దాగుంటాయి. దున్నలు ఆకుతోపాటే ఆ కాయలను మింగి, పేడతో దూరదూరాలకు విత్తుకుంటూ పోయేవి. ఎండకు ఈ గడ్డి తట్టుకోవడానికి ఓ కారణం ఉంది. సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకునే తీరులో ఇది జొన్న, మొక్కజొన్నల కోవది. బ్లూగ్రాస్ వరి, గోధుమల కోవది. వేడి పెరిగినప్పుడు తక్కువ నీటితో నెట్టుకురాగలిగేది జొన్న కోవే అని మెట్ట రైతుకు వేరే చెప్పాలా!

ఈ గడ్డి వేళ్లు ఎంత గట్టివో తొలి వలసదారులకు బాగా తెలుసు. కలప దొరకని నెబ్రాస్కాలో గడ్డితో సహా మట్టిని పలకలుగా కోసి, గడ్డి వైపు కిందికి పెట్టి పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. ‘నెబ్రాస్కా చలువరాయి’ అని ముద్దుపేరు కూడా పెట్టారు. 1886 నుంచి సాలమన్ బుచర్ అనే ఫొటోగ్రాఫర్ ఊరూరా తిరిగి ఆ ఇళ్లనూ, ముందు నిలబడ్డ కుటుంబాలనూ ఫొటోలు తీశాడు. తర్వాత గోధుమ కోసం లక్షల ఎకరాల్లో ఆ వేళ్లనే నాగలితో తెగ్గోశారు. 1930ల కరవులో పట్టు తప్పిన మట్టి ఆకాశానికి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. ఆ దుమ్ము తుపాన్లు కొలరాడో ఆగ్నేయ మూలనూ అతలాకుతలం చేశాయి.

ఊళ్లలో మాత్రం లాన్ మోజు తగ్గలేదు. 1858లో బంగారం వేటతో పుట్టిన డెన్వర్‌కు 1867లోనే సౌత్ ప్లాట్ నది నుంచి కాలువ తవ్వి చెట్లకూ పచ్చికకూ నీళ్లు పారించారు. ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో కనిపెట్టిన గడ్డి కోత యంత్రం అప్పటికే దొరల తోటల సొగసును మధ్యతరగతికి చేరువ చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివారు కాలనీలు పెరిగి, ఇంటి ముందు పచ్చిక లేకపోవడం మర్యాద తక్కువ అన్నంత దూరం వెళ్లింది. 2005లో క్రిస్టినా మిలేసి బృందం ఉపగ్రహ చిత్రాల సాయంతో అంచనా కట్టి చూస్తే దేశంలో లాన్ల విస్తీర్ణం లక్షా 60 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. నీరు పెట్టి పెంచే మొక్కజొన్నకు అది మూడింతలు!

మలుపు 1981లో వచ్చింది. కరవు దెబ్బ తిన్న డెన్వర్ జల సంస్థ, తక్కువ నీటితో తోట పెంచే పద్ధతికి జెరిస్కేప్ అని పేరుపెట్టి ప్రచారం చేసింది. అదే దశకంలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బఫెలో గడ్డిలో లాన్‌కు పనికొచ్చే మేలు రకాలను తయారు చేయడం మొదలుపెట్టారు. 1987లో బ్లూ గ్రామా కొలరాడో రాష్ట్ర గడ్డి అయింది. కాడ చివర ఒకే పక్కకు వాలిన చిన్న కంకితో అది చూడముచ్చటగా ఉంటుంది.

నీళ్లు పొదుపు చేయబోయి చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. లాన్ పీకేసి కంకర పరిస్తే పని అయిపోయిందనుకుంటారు. కంకర నీళ్లడగదు, నిజమే. కానీ ఎండకు కాగి ఇంటిని ఉడికిస్తుంది. లాన్‌కు పెట్టిన తడితోనే బతుకుతున్న చెట్లు ఎండిపోతాయి. స్థానిక గడ్డి వేయడానికి శ్రమ ఉంది, ఓపికా కావాలి. ముందు పాత బ్లూగ్రాస్‌ను వేరుతో సహా చంపాలి. వసంతం చివర నేల వేడెక్కాకే విత్తాలి. మొదటి వేసవిలో మొలకలకు తరచూ నీళ్లు పెడుతూ, కలుపు తీస్తూ కనిపెట్టుకుని ఉండాలి. కుదురుకున్నాక రెండు మూడు వారాలకో మంచి తడి చాలు. మంచు పడగానే ఎండుగడ్డి రంగుకు మారి మే దాకా అలాగే ఉంటుంది. అది చావు కాదు, నిద్ర. నిగనిగలాడే పచ్చదనానికి అలవాటు పడ్డ ఇరుగుపొరుగుకు ఈ రంగే మింగుడుపడదు.

డాలస్, డెన్వర్ శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు హెచ్‌ఓఏల (ఇంటి యజమానుల సంఘాల) సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పచ్చిక ఎండితే నోటీసు గుమ్మంలోకి వస్తుంది. నీరు పొదుపు చేసే తోటలకు ఈ సంఘాలు అడ్డుపడకుండా టెక్సాస్ 2013లో చట్టం చేసింది. కొలరాడో 2023లో తన నిబంధనలను మరింత బిగించింది.

కొలరాడో నదిలో అత్యధిక వాటా వ్యవసాయానిదే, లాన్లు మానితే ఎంత మిగులుతుందని కొందరు అడుగుతారు. లెక్క నిజమే. అయినా ఆ నది మీద పంట పండించే రైతును ఒక తడి తగ్గించుకోమని అడగాలంటే, ఎవరూ అడుగుపెట్టని రోడ్డు మధ్య పచ్చికకు ముందు నీళ్లు ఆపాలి. 2024లో కొలరాడో చేసిన చట్టం ఆ పనే మొదలుపెట్టింది. 2026 జనవరి 1 నుంచి వాణిజ్య సముదాయాల్లో, కాలనీల ఉమ్మడి స్థలాల్లో, రోడ్ల పక్కన కేవలం చూపు కోసం నీళ్లు తాగే లాన్ కొత్తగా వేయడానికి వీల్లేదు. బఫెలో గడ్డికీ బ్లూ గ్రామాకూ ఆ నిషేధం వర్తించదు.