నిద్రలో ఊపిరికి ఊత

టోలిచౌకి మీదుగా గోలకొండకు పోవువారు కోటలోని పాత మట్టిగొట్టములను చూచియుందురు. కుతుబ్ షాహీల కాలమున దుర్గం చెరువు నీరు కోటకు వచ్చెడిది. ఆ నీటిని అంచెలంచెలుగా పైకెత్తి, గొట్టముల ద్వారా మేడలకును తోటలకును పంపెడివారు. నీటితొట్టి ఎంత ఎత్తున నున్నదో గొట్టములోని ఒత్తిడి అంత అధికము. నీటి ఎత్తును బట్టి ఒత్తిడిని లెక్కించు పద్ధతి నేటికిని పోలేదు. అదే టోలిచౌకిలోను, దాపుననున్న ఫిల్మ్ నగర్, జూబిలీ హిల్సులలోను కొన్ని గృహములందు మంచము ప్రక్కన నేడొక చిన్న పెట్టె కనబడుచున్నది. దాని పేరు సీప్యాప్. నిద్రించువాని ముక్కులోనికి ఎడతెగకుండ గాలిని ఒత్తిడితో పంపుట దాని పని. ఆ ఒత్తిడిని సైతము వైద్యులు నీటి ఎత్తుతోనే, సెంటీమీటర్లలో, కొలుచుచున్నారు.

మొదటి రాత్రి ఆ గాలి తగిలినంతనే ఉక్కిరిబిక్కిరియై మాస్కును లాగివేసినవారు ఎందరో కలరు. ఈ చికిత్స ఎట్లు పుట్టినది, దాని గాలికి మనుష్యులు ఎట్లు అలవాటు పడుచు వచ్చిరి అను చరిత్రను పాఠకుల ముందుంచుట మా ఉద్దేశము.

గురకను మనవారు గాఢనిద్రకు గుర్తుగా నెంచిరి. కుంభకర్ణుని గురక మన హరికథలలోను, నాటకములలోను నవ్వు పుట్టించుటకే వచ్చును. కాని కొందరి గురక నడుమ ఒక నిశ్శబ్దము కలుగును. నిద్రలో గొంతు కండరములు సడలి, నాలుక వెనుకకు జారి, గాలిదారి మూసికొనిపోవును. ఱొమ్ము ఎగసిపడుచునే యుండును గాని గాలి లోనికి పోదు. 10 సెకండ్లో, అంతకు మించియో అట్లు గడచిన పిమ్మట మెదడు ఉలికిపడి మేల్కొలుపగా, పెద్ద గుఱ్ఱుతో ఊపిరి మరల ఆడును. ఇదియే స్లీప్ ఆప్నియా. శ్వాసకు ఇట్టి అడ్డంకులు గంటకు 30 మించినచో వ్యాధి తీవ్రమని వైద్యులు చెప్పుదురు. రోగికి తెల్లవారిన పిమ్మట ఏమియు జ్ఞాపకముండదు. ప్రక్కన పరుండినవారికే తెలియును. పగటి కునుకు, రక్తపుపోటు, వాహనము నడపుచుండగా రెప్పవాలుట దీని ఫలితములు.

ఇది నవ్వి విడువదగినది కాదని చలనచిత్ర లోకము 2022లో తెలిసికొన్నది. 1986లో వచ్చిన తొలి 70 ఎం.ఎం. తెలుగు చిత్రము ‘సింహాసనం’ మొదలు, ‘గ్యాంగ్ లీడర్’ వంటి చిత్రముల వరకు తెలుగువారికి పాటలందించిన సంగీత దర్శకుడు బప్పీ లహిరి ఆ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన, తన 69వ యేట ముంబాయిలో కన్నుమూసెను. ఆయన మరణమునకు స్లీప్ ఆప్నియా కారణమని చికిత్స చేసిన వైద్యులు ప్రకటించిరి. ఆ పేరు అనేకులకు మొదటిసారి చెవినబడినది అప్పుడే.

నిద్రలో శ్వాసను కనిపెట్టియుండవలెనను మాట హైదరాబాదునకు మాత్రము క్రొత్తది కాదు. ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారము ఇచ్చినపుడు నాడిని కాక ఊపిరిని చూడుడని తన శిష్యులకు బోధించెడివాడు. ఆ శిష్యులలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమెను ఎన్నుదురు. లారీ వాదమును పరీక్షించుటకై 1888లో హైదరాబాదు క్లోరోఫారము సంఘము ఏర్పడెను. ఆ ఫలితములను ఇంగ్లండులోనివారు శంకింపగా, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌనులు ఇచ్చి, ‘లాన్సెట్’ పత్రికవారు ఒక నిపుణుని పంపునట్లు చేసెను. అట్లు వచ్చినవాడు లాడర్ బ్రంటన్. 1889లో రెండవ సంఘము పని చేసి, ముందుగా ఆగునది ఊపిరియే, గుండె కాదు అని తేల్చెను.

ఈ తీర్పు పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము గుండెను సూటిగా ఆపగలదని 1911లో లీవీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. అయినను శ్వాసదారికి క్షణమైన అడ్డు రానీయరాదను లారీ బోధ వ్యర్థము కాలేదు. మత్తులో నాలుక వెనుకకు పడిపోవుననియు, దవడను ముందుకు ఎత్తినచో దారి తెరచుకొనుననియు ఆనాటి వైద్యులకు తెలియును. అయితే మత్తుమందు లేకయే, ప్రతి రాత్రియు, ఇంటిలో తన మంచముపైననే మనుష్యునికి అట్టి స్థితి కలుగునని గ్రహించుటకు మఱి ముక్కాలు శతాబ్దము పట్టినది.

1956లో అమెరికా వైద్యులు స్థూలకాయము, పగటినిద్ర కలిసిన ఒక వ్యాధికి డికెన్సు నవలలోని నిద్రమత్తు బాలుని తలచుకొని ‘పిక్‌విక్’ పేరు పెట్టిరి. 1965లో ఫ్రాన్సులో గస్టో బృందమువారును, జర్మనీలో యుంగ్, కూలో అనువారును రోగులు నిద్రించుచుండగా రాత్రియంతయు శ్వాసను నమోదు చేసి, అది మాటిమాటికి ఆగుటను చూచిరి. జబ్బు దొరికినది గాని మందు కఠినమైనది. 1969లో కూలో బృందము గొంతు దిగువన శ్వాసనాళమునకు రంధ్రము చేసి, మూసికొను భాగమును తప్పించిరి. రోగి బ్రదికెను గాని జీవితమంతయు మెడలో రంధ్రముతో గడపవలసివచ్చెను.

ఆస్ట్రేలియాలో సిడ్నీ వైద్యుడు కాలిన్ సలివన్ ఎదుటికి 1980లో అట్టి శస్త్రచికిత్స అవసరమైన రోగి యొకడు వచ్చెను. మూసికొను గొంతును కోయుటకు మారుగా, గాలి ఒత్తిడితో తెరచియుంచరాదా అని సలివన్ తలచెను. గుడారమును లోపలి గుంజ నిలుపునట్లు, గొంతును లోపలి గాలి నిలుపవలెను. జూన్ మాసమున ఒక రాత్రి ఆ ప్రయోగము జరిగెను. ఒత్తిడి తగినంత హెచ్చినంతనే గురక ఆగి, రోగి గాఢముగా నిద్రించెను. అయిదుగురు రోగుల వృత్తాంతము 1981 ఏప్రిల్‌లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినది. వారికి చాలిన ఒత్తిడి 4.5 నుండి 10 సెంటీమీటర్లు.

ఇక్కడ ఒక లెక్క చూడవలెను. వాతావరణపు ఒత్తిడి సముద్రతీరమున నీటి లెక్కలో 1033 సెంటీమీటర్లు. యంత్రము కలుపు 10 సెంటీమీటర్లు అందులో నూఱవవంతు మాత్రమే. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. కనుక మచిలీపట్టణము నుండి రైలెక్కి ఇక్కడికి వచ్చు ప్రయాణికునిపై వాతావరణపు ఒత్తిడి 60 సెంటీమీటర్లు తగ్గుచున్నది. అతనికి దాని జాడయే తెలియదు. మఱి ఆ 10 సెంటీమీటర్లు ఏల భరింపరానివగుచున్నవి?

రైలులో ఒత్తిడి దేహమునకు లోపలను బయటను ఒక్కరీతిని మారును. యంత్రమందు అది లోపల మాత్రమే హెచ్చును. సాధారణముగా ఊపిరి విడుచుట మనకు శ్రమ కాదు. సాగిన ఱొమ్ము తనంతట తానే ముడుచుకొనును. సీప్యాప్ పెట్టుకొన్నవాడు ఎదురుగాలికి ఊపిరి విడువవలెను. గ్లాసు నీటిలో సన్నని గొట్టమును 10 సెంటీమీటర్లు ముంచి, బుడగలు వచ్చునట్లు ఊదినవారికి ఆ ఎదురు ఎంతటిదో తెలియును. బలవంతునికి అది ఆటయే. కాని నిద్రపట్టని వేళ, చీకటిలో, ముక్కుపై మాస్కుతో అదియే భయమగును.

తొలినాళ్ల యంత్రములు ఈ భయమును లెక్క చేయలేదు. రోగి ముఖమునకు అచ్చు తీసి మాస్కు చేసి, ప్రతి రాత్రి జిగురుతో అంటించెడివారు. మోటారు రొద వేరు. అది ప్రాణము నిలుపుచున్నది గదా, ఓర్చుకొనుడని చెప్పుటయే అలవాటు నేర్పుట. 1993లో అమెరికాలో ఒక పరిశోధన జరిగినది. యంత్రములలో రహస్యముగా గడియారమువంటి సాధనమునుంచి, 35 మంది రోగులు నిజముగా ఎంతసేపు వాడుచున్నదియు చూచిరి. పది రోజులలో ఏడు రోజులైన, రోజుకు 4 గంటలైన వాడినవారు 16 మందియే. మిగిలినవారిని సోమరులనుట సులభము. వైద్యులు మాత్రము యంత్రమును మార్చ మొదలిడిరి.

అంతకు మునుపే, 1990లో, ఊపిరి తీయునపుడు ఎక్కువ, విడుచునపుడు తక్కువ ఒత్తిడినిచ్చు బైప్యాప్ పద్ధతిని శాండర్సు, కెర్న్ అను అమెరికా వైద్యులు వెల్లడించిరి. తరువాత సీప్యాప్‌లోను ఊపిరి విడుచు వేళ గాలి కొంచెము తగ్గు ఏర్పాటు వచ్చినది. గొంతు స్థితిని బట్టి ఒత్తిడిని తానే మార్చుకొను యంత్రములు వచ్చినవి. 4 సెంటీమీటర్ల వద్ద ఆరంభమై, నిద్రపట్టులోగా మెల్లమెల్లగా పూర్తి ఒత్తిడికి చేరు ‘ర్యాంప్’ వచ్చినది. ఎండిన ముక్కునకు వెచ్చని తేమనిచ్చు నీటిపెట్టె వచ్చినది. మనుష్యుడు యంత్రమునకు అలవాటు పడవలసినంత, యంత్రమును మనుష్యునికి అలవాటు పడనేర్చినది.

మిగిలిన భాగము అభ్యాసము. మాస్కు భయముగల రోగికి మెట్టుమెట్టుగా ధైర్యము నేర్పిన విధమును 1993లోనే ఎడింజర్, రాడ్‌కీ అనువారు ప్రచురించిరి. ఆ క్రమము ఇంటింట జరుపదగినది. మొదట పగటిపూట, మేలుకొనియుండగా, గాలి లేక మాస్కును మాత్రము కొన్ని నిమిషములు పట్టుకొనవలెను. పిదప గాలితో, కూర్చుండి, రేడియో వినుచునో పత్రిక చదువుచునో అరగంట గడుపవలెను. అటుపై పగటి కునుకు, ఆ వెనుక రాత్రి. గాలితో పోరాడరాదు, తొందరలేక, దీర్ఘముగా ఊపిరి విడువవలెను. కొందరికి 4 సెంటీమీటర్ల గాలి ఎక్కువై కాదు, చాలకయే ఉక్క కలుగును. అట్టివారికి ఆరంభపు ఒత్తిడిని కొంచెము పెంచుదురు. మాస్కు అంచున గాలి కారుట, కడుపుబ్బరము, చెవినొప్పి ఇవన్నియు వైద్యునికి చెప్పదగినవి. నిద్రపరీక్షలో నిర్ణయించిన ఒత్తిడిని మాత్రము రోగి తనంతట తాను మార్చరాదు.

ఈ చికిత్స సర్వరోగ నివారిణి కాదు. గుండెజబ్బు లేక పక్షవాతము వంటివి అదివరకే గల 2717 మందిపై జరిగి 2016లో వెలువడిన పెద్ద పరిశోధనలో, సీప్యాప్ వలన క్రొత్తగా గుండెపోటులు, పక్షవాతములు తగ్గినట్లు తేలలేదు. కాని పగటినిద్ర తగ్గినది, మనస్సు తేఱినది. అందులోనివారు సగటున రాత్రికి 3.3 గంటలే యంత్రమును వాడిరి. ఏ ఔషధమైనను సగము మోతాదుతో దాని పూర్తి గుణమును చెప్పలేము గదా!

కనుక మొదటి వారమున విసిగి పెట్టెను అటక ఎక్కించు రోగిని ఇంటివారు ఎగతాళి చేయరాదు, మందలింపరాదు. రాత్రివేళ ఆతని ఊపిరి ఆగుట మొదట విన్నవారు వారే. మాస్కు సరిగా కూర్చున్నదా, గాలి కారుచున్నదా అని చూచి, మరునాడు వైద్యునితో చెప్పగలవారును వారే. ఊపిరిని కనిపెట్టియుండుడని లారీ తన శిష్యులకు చెప్పిన మాట, నేడు ఈ నగరమున పడకగది వరకు వచ్చినది.