ఫోన్‌లో ఓటు: ఎంత భద్రం, ఎంత నమ్మకం?

కరెంటు బిల్లు, బ్యాంకు పని అన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి. ఓటు మాత్రం ఎందుకు కాకూడదు? ఇంటి మనిషి సౌదీలోనో, కువైట్‌లోనో ఉన్న కుటుంబాలకు ఇది ఊరికే వచ్చే ప్రశ్న కాదు. అసెంబ్లీకి శ్రీశైలం, లోక్‌సభకు నంద్యాల నియోజకవర్గం కింద ఓటేసే బండి ఆత్మకూరు మండలానికైనా, మరే ఊరికైనా జవాబు ఒకటే.

ఖమ్మం ప్రయోగం

2021 అక్టోబరు 20న తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ఓటింగ్‌ను పరీక్షించింది. యాప్ తయారీలో సీ-డాక్ పాలుపంచుకుంది. ఆధార్ పేరు సరిచూడటం, ఫోన్ ముందున్న మనిషి ముఖాన్ని గుర్తించడం, ఓటరు కార్డు ఫొటోతో పోల్చడం అని మూడు తనిఖీలు పెట్టారు. పడిన ఓటును ఎవరూ మార్చకుండా బ్లాక్‌చైన్ వాడారు. అది నమూనా పోలింగ్ మాత్రమే. 2025 జూన్ 28న బీహార్ పురపాలక ఎన్నికల్లో అసలు ఓట్లే ఫోన్‌లో పడ్డాయి.

చిక్కు ఎక్కడ?

బ్యాంకులో డబ్బు పోతే మెసేజ్ వస్తుంది, పాస్‌బుక్కులో తెలుస్తుంది, ఫిర్యాదు చేయొచ్చు. ఓటు అలా కాదు. ఎవరు ఎవరికి వేశారో లెక్కపెట్టేవాళ్లకు కూడా తెలియకూడదు. అందుకే తప్పు జరిగినా పట్టుకోవడం కష్టం. బ్లాక్‌చైన్ కాపాడేది తన దాకా చేరిన ఓటునే. ఫోన్‌లో దూరిన వైరస్ ముందే ఓటు మార్చేస్తే, ఆ తప్పుడు ఓటే భద్రంగా ఉంటుంది. 2010లో అమెరికాలోని వాషింగ్టన్ నగరం తన ఆన్‌లైన్ ఓటింగ్‌ను పరీక్షించమని అందరినీ పిలిచింది. మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం లోపలికి చొరబడి ఓట్లు మార్చేసింది. అధికారులు దాదాపు రెండు రోజుల దాకా గమనించలేదు.

రెండోది ఒత్తిడి. బూత్‌లో ఓటరు ఒక్కరే ఉంటారు. ఇంట్లో పక్కన పెద్దమనిషో, డబ్బు పంచినవాడో నిలబడి ఫోన్‌లోకి చూడొచ్చు. 2005 నుంచి ఆన్‌లైన్ ఓటింగ్ నడుపుతున్న ఎస్టోనియాలో దీనికి ఒక ఉపాయం ఉంది. ఓటరు మళ్లీ ఓటేయొచ్చు, చివరిదే లెక్క.

కాగితం సాక్ష్యం

2017 ఆగస్టు 23న నంద్యాల ఉప ఎన్నికలో ఈవీఎంలతో పాటు వీవీప్యాట్‌లు వాడారు. చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. అనుమానం వస్తే ఎంచి చూడటానికి కాగితం ఉంటుంది. ఓడినవాళ్లు కూడా ఒప్పుకునే లెక్కే నమ్మకమైన లెక్క. ఫోన్ ఓటుకు ఇప్పటికి అలాంటి తేలికైన సాక్ష్యం లేదు.

ఇప్పుడు ఏం చేయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు ఆన్‌లైన్ ఓటు లేదు. సైనికులకు బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వెళ్తుంది గానీ ఓటు పోస్టులోనే తిరిగి వస్తుంది. భారత పౌరసత్వం వదలకుండా విదేశాల్లో ఉంటున్నవారు ఫారం 6ఏ ద్వారా ఓటరుగా చేరొచ్చు. ఓటు మాత్రం ఊరికొచ్చి, పాస్‌పోర్టు చూపించి బూత్‌లోనే వేయాలి.

కాబట్టి ఈ ఎన్నికలకు ‘ఇంటి నుంచే ఓటేయండి’ అని వాట్సాప్‌లో లింకు వస్తే అది మోసమే. ఆధార్ నంబరు, ఓటీపీ ఇవ్వొద్దు. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చేసి కనుక్కోవాలి.